ఖాళీ గదికి కొత్తవాడ జంపఖానా

జూలై వచ్చిందంటే హనుమకొండలో మా వీధిలో సూట్‌కేసుల తూకం మొదలవుతుంది. అమెరికా చదువులకు వెళ్లే పిల్లలు, ఒక్కొక్కరికి 23 కిలోల చొప్పున రెండు పెట్టెలు. అందులో సగం పచ్చళ్లే. అక్కడి ఇంట్లో దేనిమీద పడుకుంటారో మాత్రం ఎవరూ అడగరు.

అక్కడ అద్దె ఇంట్లో పొయ్యి, ఫ్రిజ్ సాధారణంగా ఉంటాయి. మంచం, కుర్చీ, బల్ల చాలాచోట్ల ఉండవు. కొన్ని గదుల్లో పైకప్పుకు దీపం కూడా ఉండదు, నిలువు దీపం మనమే కొనుక్కోవాలి. అందుకే వరంగల్ కొత్తవాడలో నేసిన జంపఖానా ఒకటి తప్పకుండా తీసుకెళ్లండి. 2018లో భౌగోళిక గుర్తింపు (జీఐ) పొందిన వరంగల్ దర్రీలు ఇవే. నూలుది కాబట్టి మడిచి పెట్టె అడుగున సర్దుకోవచ్చు. రాత్రి పడక, పగలు చదువుకునే చోటు, నలుగురు వస్తే భోజనాల పంక్తి అదే. నేను మొదటి పదకొండు రాత్రులు దానిమీదే నిద్రపోయాను.

మిక్సీ వద్దు. మన కరెంటు 230 వోల్టులు, అక్కడ 120. ప్లగ్గు మార్చే అడాప్టర్ వోల్టేజీని మార్చదు. చార్జర్ మీద 100–240 అని ఉంటే భయం లేదు. గిన్నెలు కొనేముందు అడుగున అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకుంటేనే ఇండక్షన్ పొయ్యి మీద వేడెక్కుతుంది. అమ్మమ్మ ఇచ్చిన ఇత్తడి గిన్నె దానికి పనికిరాదు.

విశ్వవిద్యాలయాలున్న ఊళ్లలో మే నెలలో ఇళ్లు ఖాళీ చేసేవారు మంచి సామాను బయట పెట్టేస్తారు. చెక్క బల్ల, ఇనుప కుర్చీ అతుకులు చూసుకుని తెచ్చుకోండి. పరుపు, గుడ్డ సోఫా ఎంత కొత్తగా కనిపించినా ముట్టుకోవద్దు. నల్లులుండొచ్చు. మా గదిలోకి అలా వచ్చిన ఒక్క సోఫాతో రెండు నెలలు నిద్ర లేదు. బట్టలన్నీ వేడి డ్రయ్యర్‌లో వేశాం, చివరికి మందు కొట్టించాం. మన ఇళ్లలో నులక మంచాన్ని ఎండలో వేసి వేడినీళ్లు పోసేవారు, నాలుగో అంతస్తు గదిలో ఆ వీలెక్కడ? ఎవరైనా తెలిసినవారు ఇచ్చినా కుట్ల వెంట, మూలల్లో నల్లటి చుక్కలున్నాయేమో టార్చి వేసి చూడండి.

పరుపు మాత్రం కొత్తదే కొనండి. ఒక్కరికి ట్విన్ అనే సైజు, దాదాపు 38 అంగుళాల వెడల్పు, 75 పొడవు. ఇద్దరికి క్వీన్, 60కి 80. ఈ కొలతలు చెప్పి, మూలలకు ఎలాస్టిక్ పెట్టించి, రెండు నూలు దుప్పట్లు బయలుదేరేముందే ఇక్కడి దర్జీతో కుట్టించుకోండి.