లంక మట్టిలో క్యాచ్ కుస్తీ: గోదా కట్టడం నుంచి తొలి పట్టు దాకా

ఇంగ్లండులోని లాంకషైరు ప్రాంతంలో, ముఖ్యంగా విగన్ చుట్టుపక్కల బొగ్గు గనుల్లోనూ నూలు మిల్లుల్లోనూ పనిచేసేవారి మధ్య పెరిగిన కుస్తీకి ‘క్యాచ్ యాజ్ క్యాచ్ క్యాన్’ అని పేరు. ఎలా దొరికితే అలా పట్టుకోవడమని దాని అర్థం. నడుముకు పైన మాత్రమే పట్టాలన్న గ్రీకో రోమన్ కుస్తీ నియమం ఇందులో లేదు. కాలు అందితే కాలు, చెయ్యి అందితే చెయ్యి పట్టవచ్చు, ఇద్దరూ నేలమీద పడ్డాక కూడా పోరు సాగుతూనే ఉంటుంది. మన గోదా కుస్తీని చూసినవారికి ఈ వర్ణన కొత్తగా తోచదు. కాబట్టి కోనసీమలోనో నరసాపురం వైపో ఒక కొబ్బరితోట మూల ఇరవై అడుగుల చదరం జాగా ఉన్నవారు, ఖరీదైన రబ్బరు చాపలు కొనకుండానే ఈ పాత ఆటను మొదలుపెట్టవచ్చు. అయితే ఉత్సాహవంతులందరూ చేసే పొరపాటు, మొదటి రోజే పట్లు నేర్పమనడం. ముందు నేల కుదరాలి, తరువాత ఒప్పందం కుదరాలి, ఆ తరువాతే పట్టు.

నేల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే డెల్టాలో చాలా గోదాలు పాడయ్యేది ఇక్కడే. ఇతర ప్రాంతాల్లో చాలాచోట్ల గోదాను నేలలోకి తవ్వుతారు. మనం ఆ పని చెయ్యకూడదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటినుంచి కాలువనీటితో తడుస్తున్న ఈ భూముల్లో ఊట పైపైనే ఉంటుంది. వేసవిలో మూడడుగులు తవ్వి పొడిమట్టి చూసి సంబరపడినవారు, శ్రావణమాసం వచ్చేసరికి ఆ గోతిలో కప్పలు ఈదడం చూస్తారు. అందువల్ల మన గోదాను తవ్వకుండా మెరకగా కట్టాలి. అడుగున ముతక ఇసుకను అరడుగు మందాన పరిచి, దానిమీద అడుగుంపావు మందాన మెత్తటి మట్టి పొయ్యాలి. చుట్టూ ఇటుకలతో గట్టు కట్టడం చూడటానికి బాగుంటుంది కాని, అంచు మీద పడ్డవాడి మోచెయ్యి సంగతి ఆలోచించండి. గోనెసంచుల్లో కొబ్బరిపీచు పొట్టు కూరి, వాటిని అంచుల వెంట పేర్చి, పైన మట్టి కప్పితే చాలు. ఏ వైపునా ఆరడుగుల దూరంలోపు చెట్టుగాని, స్తంభంగాని, నూతి వరగాని ఉండకూడదు. పైన తాటాకు పాక వేస్తే మంచిది.

ఇక మట్టి ఎంపిక. నల్లమట్టి తడిస్తే బంకలా పట్టుకుంటుంది, ఎండితే బీటలు తీసి రాయవుతుంది. ఒట్టి ఇసుక కాలికి పట్టునివ్వదు, పైగా చర్మాన్ని గీరేస్తుంది. గోదావరి వరద తీసిన తరువాత లంకల్లో, అంటే నది నడుమ దిబ్బల్లో, మిగిలే ఒండ్రుమట్టి ఈ రెంటికీ నడుమ ఉంటుంది. గోదాకు అంతకన్న మంచిది మన ప్రాంతంలో దొరకదు. ఆ ఒండ్రు మూడు పాళ్లకు సన్న ఇసుక ఒక పాలు, కొబ్బరిపీచు పొట్టు అర పాలు కలిపితే మెత్తదనమూ నిలుస్తుంది, నీరూ ఇంకిపోతుంది. సముద్రానికి దగ్గరగా, అంతర్వేది వైపు ఉన్నవారు ఇంకొక పరీక్ష చెయ్యాలి: మట్టిని ఒకరోజు తడిపి, మరునాడు ఎండలో ఆరబెడితే పైన తెల్లటి పొర కడుతున్నదేమో చూడాలి. కడితే అది ఉప్పుమట్టి. గీరుకున్న మోకాలి మీద ఆ మట్టి పడితే కలిగే మంట గురించి వేరే చెప్పనక్కరలేదు.

ఏ మట్టి అయినా తాపీ పనివారి ఇసుక జల్లెడతో రెండుసార్లు జల్లించాలి. ఒక ఏడాది నేను, కాలువలకు నీళ్లు ఆపేసిన రోజుల్లో అడుగున తీసిన పూడికమట్టిని, చౌకగా వచ్చిందని, ఒక్కసారి మాత్రమే జల్లించి పోయించాను. మూడో రోజున ఒక కుర్రవాడి మోకాలి కింద రెండంగుళాల మేర చర్మం చీరుకుపోయింది. వెతికి తీస్తే అది నత్తగుల్ల ముక్క, బొటనవేలి గోరంత ఉంది. ఆ మట్టినంతా మళ్లీ ఎత్తి జల్లించడానికి నలుగురికి రెండు రోజులు పట్టింది.

జల్లించిన మట్టిలో ఎండబెట్టి పొడి చేసిన వేపాకు, పసుపు, కొద్దిగా నువ్వుల నూనె, పుల్లటి మజ్జిగ కలుపుతారు. మట్టి మెత్తబడటానికీ దుమ్ము లేవకుండా ఉండటానికీ నూనె, మజ్జిగ పనికివస్తాయి. వేపాకు, పసుపు వేశాం కదా అని తామర రాదనుకోవడం మాత్రం పొరపాటు. తామరను ఆపేది సాధన అయిన వెంటనే సబ్బుతో చేసే స్నానమూ, ఉతికి ఎండబెట్టిన లంగోటాయే. పేడ ఎట్టి పరిస్థితిలోనూ కలపకూడదు. పశువుల పేడలో ధనుర్వాతం కలిగించే క్రిములు ఉండవచ్చు కనుక, గోదాలో దిగే ప్రతివారూ ఆ టీకా వేయించుకున్నారో లేదో ముందే అడిగి తెలుసుకోవాలి. మట్టి సిద్ధమయిందీ లేనిదీ తెలుసుకోవడానికి గుప్పెడు తీసుకుని బిగించండి. ముద్ద నిలవాలి, వేలితో మెల్లగా నొక్కితే పొడిపొడిగా విడిపోవాలి. ముద్ద కట్టకపోతే నీళ్లు చల్లాలి, విడిపోకపోతే ఒక పూట ఆరనివ్వాలి.

నేల కుదిరింది కనుక ఇప్పుడు ఒప్పందం. ఆ పాత రోజుల్లో క్యాచ్ కుస్తీలో అన్నిచోట్లా చెల్లే ఒకే నియమావళి లేదు. ప్రతి పోటీకీ ముందు ఇరుపక్షాలూ కూర్చుని బరువెంత, ఎన్ని పతనాలకు (రెండు భుజాలూ నేలకు ఆనితే ఒక పతనం) గెలుపు, గొంతు నులిమే పట్టు ఉంటుందా ఉండదా అన్న షరతులు రాసుకునేవారు. ఏ షరతు రాయకుండా వదిలేస్తే అదే తగవు అవుతుందని చెప్పడానికి 1910 సెప్టెంబరు 10న లండనులో జరిగిన కుస్తీని మించిన ఉదాహరణ లేదు. మన గామా పహిల్వాను ఆ రోజు పోలండు వస్తాదు స్టానిస్లాస్ జబిస్కోతో తలపడ్డాడు. మొదటి నిమిషంలోనే కింద పడిన జబిస్కో, రెండు భుజాలూ ఒకేసారి ఆనితేనే ఓటమి అన్న నియమం అండతో, రెండున్నర గంటలకు పైగా చాపను కరుచుకునే ఉండిపోయాడు. ఫలితం తేలలేదు. వారం తరువాత మళ్లీ పెట్టిన కుస్తీకి జబిస్కో రాకపోవడంతో గెలుపు గామాకు దక్కింది. 1928లో పటియాలాలో ఇద్దరూ మళ్లీ కలుసుకున్నప్పుడు నిమిషం తిరగకుండానే గామా అతణ్ణి చిత్తు చేశాడు.

కాలపరిమితి లేని కుస్తీ ఎంత దూరం పోతుందో 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో కూడా కనిపించింది. అక్కడ గ్రీకో రోమన్ మధ్యమ బరువు విభాగంలో క్లైన్, అసికైనెన్ అనే ఇద్దరు పదకొండు గంటల నలభై నిమిషాలు పెనుగులాడారు. గెలిచిన క్లైన్‌కు తుదిపోరులో దిగే ఓపిక మిగలలేదు. మన ఎండల్లో, మన ఉక్కలో పిల్లల చేత ఇటువంటి ప్రయోగాలు చేయించకూడదు. కాబట్టి ఒప్పందం కాగితం మీద రాయండి. పదిహేనేళ్లు దాటినవారికి పతనానికి అయిదు నిమిషాలు, మూడింట రెండు పతనాలకు గెలుపు, ఇద్దరి బరువుల మధ్య అయిదు కిలోలకు మించి తేడా ఉండకూడదు, ఒక నిమిషంపాటు కదలకుండా బోర్లా పడుకుంటే ఇద్దరినీ లేపి నిలబెట్టి మళ్లీ మొదలుపెట్టించాలి. మనది సంక్రాంతికి కోళ్ల మీద పందెం కాసే నేల కనుక కుస్తీకీ పందెం మాట రాక మానదు; ఆ మాట ఎత్తినవారిని మర్యాదగా గట్టు దాటించండి.

నిషేధాల దగ్గర మొహమాటం పనికిరాదు. అమెరికాలో ఫ్రాంక్ గాచ్ అనే వస్తాదుకు పేరు తెచ్చిన పట్టు పాదాన్ని మెలిపెట్టే ‘టో హోల్డ్’. 1908లో షికాగోలో రెండు గంటల పోరు తరువాత జార్జి హేకెన్‌ష్మిట్ ఆయనకు లొంగిపోయాడు. అయినా మెలిపెట్టిన పాదం నొప్పి తెలిసే లోపే మోకాలి కీలు దెబ్బతినగలదు కనుక, ఆ పట్టును నేర్చుకునేవారికి చూపించనే కూడదని నా అభిప్రాయం. రెండు చేతులనూ రెండు చంకల కిందుగా పోనిచ్చి మెడ వంచే ‘ఫుల్ నెల్సన్’, గొంతు మీద వేసే ఏ పట్టయినా, వేళ్లు విరిచే పట్టు కూడా ఈ జాబితాలోవే. క్యాచ్ కుస్తీ నుంచే రూపుదిద్దుకున్న నేటి ఒలింపిక్ ఫ్రీస్టైల్ కుస్తీలో కూడా గొంతు నులిమే పట్లకూ, వేళ్లు విరిచే పట్లకూ చోటు లేదు.

శరీరాన్ని సిద్ధం చెయ్యడానికి మన దండీలు, బస్కీలు సరిపోతాయి. గామా రోజుకు వేల సంఖ్యలో తీసేవాడని చెప్పుకుంటారు. ఆ లెక్కలు విని మొదటి రోజే మూడువందల బస్కీలు తీసిన కుర్రవాడు మరునాడు మెట్లు దిగలేడు. ఇరవై దండీలు, నలభై బస్కీలతో మొదలుపెట్టి వారానికి అయిదేసి పెంచుకుంటూ పోవాలి. క్యాచ్ కుస్తీకి అదనంగా కావలసింది మెడ బలం. వెల్లకిలా పడ్డవాడు భుజాలు ఆననివ్వకుండా తల మీదా పాదాల మీదా శరీరాన్ని విల్లులా ఎత్తి నిలపడాన్ని ‘బ్రిడ్జి’ అంటారు. గాచ్ గురువు ఫార్మర్ బర్న్స్ మెడను ఎంతగా పెంచాడంటే, ఉరితాడుకు వేలాడి కూడా బతికి చూపే ప్రదర్శనలు ఇచ్చేవాడు. అది వినోదానికి చెప్పే సంగతే గాని అనుకరించదగ్గది కాదు. మొదటి నెల అరచేతులు నేలకు ఆనించి, బరువు సగం చేతుల మీదే ఉంచి బ్రిడ్జి వెయ్యాలి. మెడలో ఏ మాత్రం నొప్పి పొడిచినా ఆ రోజుకు ఆపాలి.

ఆ తరువాత పడటం నేర్పాలి. గడ్డం ఛాతీకి ఆనించి, వీపును గుండ్రంగా చేసి, పక్కకు దొర్లుతూ పడాలి. పడేటప్పుడు చెయ్యి చాచి నేలను ఆపుకోవాలనుకోవడం అందరికీ ఉండే సహజమైన అలవాటు. మణికట్లు విరిగేది అందువల్లనే. ఇది పోవడానికి రెండు వారాలు పడుతుంది, పట్టనివ్వండి.

ఇప్పుడు మొదటి పట్టు, ‘హాఫ్ నెల్సన్’. అవతలివాడు బోర్లా పడి ఉన్నాడు. మీరు అతని కుడి పక్కన నడుము దగ్గర, అతని తలవైపు తిరిగి, మోకాళ్ల మీద ఉన్నారు. మీ కుడి చేతిని అతని కుడి చంక కిందుగా పోనిచ్చి, అరచేతిని తల వెనుక ఆనించండి. మీ ఛాతీ బరువు అతని మీదే ఉండాలి. అరచేత్తో తలను కిందికి అదుముతూ, ముంజేతితో అతని భుజాన్ని పైకి లేపుతూ, కాలివేళ్ల మీద చిన్న చిన్న అడుగులతో అతని తలవైపుగా చుట్టూ నడవండి. భుజం లేస్తుంది, దాని వెంట నడుము తిరుగుతుంది, వెల్లకిలా అయిన వెంటనే మీ ఛాతీని అతని ఛాతీకి అడ్డంగా ఆనించి రెండు భుజాలనూ మట్టికి అదమండి.

చదివినప్పుడు ఇంత తేలికగా ఉన్నా, కొత్తవారందరూ ఒకేచోట తప్పుతారు. మా గోదాలో మొన్న ఒక కుర్రవాడు ముఖం ఎర్రబడేలా లాగుతున్నాడు గాని, కింద ఉన్నవాడు అంగుళం కదలలేదు. “చెయ్యెక్కడుందిరా బాబూ?” అని అడిగితే, “మెడ మీదేనండి మాస్టారూ” అన్నాడు. “మెడ మీద కాదు, తల మీద పెట్టు. తలుపు తియ్యాలంటే బందు దగ్గర తోస్తావా, చివర తోస్తావా?” అన్నాను. “ఆయ్, చివరేనండి” అంటూ అరచేతిని నాలుగు వేళ్ల మందం పైకి జరిపాడు. కింద ఉన్నవాడి భుజం వెంటనే లేచింది. తప్పించుకోవడం కూడా అదే పూట నేర్పాలి: చంకను పక్కటెముకలకు బిగించి, తల పైకెత్తి ఉంచితే ఆ చెయ్యి లోపలికి దూరదు.

నిలబడి వేసే పట్లలో ఒకటి చాలు. హిందూస్థానీ వస్తాదులు ధోబీ పఛాడ్ అనేదానికీ, లాంకషైరువారు ‘ఫ్లయింగ్ మేర్’ అనేదానికీ మూలం ఒకటే: అవతలివాడి చేతిని రెండు చేతులా పట్టి, వీపు తిప్పి, ఆ చేతిని భుజం మీదుగా లాగి, చాకిరేవులో బండకేసి బట్ట బాదినట్టు ముందుకు పడెయ్యడం. నెమ్మదిగా, నడకలో చేసినట్టు పదిసార్లు చేశాకే వేగం పెంచాలి. పడేవాడి చేతిని చివరిదాకా వదలకుండా పట్టుకుంటే అతను తలకిందులుగా పడడు.

పోటీ జరిపించే రోజున మధ్యవర్తి గోదా బయట కుర్చీలో కూర్చోకూడదు. భుజాలు ఆనాయో లేదో మోకాళ్ల మీద వంగి, నేల మట్టంలో చూస్తేనే తెలుస్తుంది. నొప్పి పుట్టినవాడు అరచేత్తో నేలనుగాని ఎదుటివాడినిగాని రెండుసార్లు తట్టితే, మధ్యవర్తి చెప్పే దాకా ఆగకుండా పట్టు వదిలెయ్యాలి. తట్టాక వదలనివాడిని నెల రోజులు గోదాలోకి రానివ్వకండి, ఎంత బాగా ఆడేవాడైనా సరే.

మట్టిలో ఏడాది గడిపినవారిని చాప మీదికి పంపేటప్పుడు తొందర వద్దు. మట్టి గోదాల్లో పెరిగిన మహారాష్ట్ర వస్తాదు ఖాశాబా జాధవ్ 1948 లండన్ ఒలింపిక్స్‌లో చాప మీద ఆరో స్థానంలో నిలిచి, 1952 హెల్సింకీలో కంచు పతకం తెచ్చాడు. చాప మీద కాలు వేగంగా జరుగుతుంది, పడితే మట్టిలా లోపలికి దిగదు. వారానికి రెండు రోజులు చాప మీద, మిగతా రోజులు మట్టిలో అన్న లెక్కతో ఒక ఋతువు గడపాలి.

రోజూ సాధన ముగిశాక మట్టిని పారతో అడుగులోతు తిరగవేసి, బెడ్డలు చిదిపి, చదును చేసి, చేత్తో నీళ్లు చిలకరించాలి. రాత్రిపూట కుక్కలు, పిల్లులు మెత్తటి మట్టిని వెతుక్కుంటూ వస్తాయి కనుక పైన టార్పాలిన్ కప్పి, నాలుగు మూలలా ఇసుక సంచులు పెట్టండి.