ప్రాచీన యూదు కథల్లో కథకుడి చూపును పట్టుకోవడం ఎలా?

ఈ కథల్లో కథకుడు తీర్పు చెప్పడం తక్కువ, మనచేత చెప్పించడం ఎక్కువ. ఎలా చెప్పిస్తాడో చూడాలంటే బైబిల్ పాత నిబంధనలోని 2 సమూయేలు గ్రంథం 11, 12 అధ్యాయాలు తీసి, పెన్సిల్ పట్టుకుని కూర్చోండి.

ముందు ఆగకుండా ఒకసారి చదివేయండి. రెండోసారి పాత్రల మాటలు వదిలేసి కథకుడి మాటల కిందే గీత గీయండి. 11వ అధ్యాయంలో 27 వచనాలు. దావీదు రాజు తన సైనికుడు ఊరియా భార్య బత్షెబతో చేసిన వ్యభిచారం, ఆమె గర్భం, ఊరియాను చంపించే ఉత్తరం, అతని చావు అన్నీ జరిగిపోతాయి. దావీదును కథకుడు పల్లెత్తు మాట అనడు. చివరి వచనం చివర్లో మాత్రం, అతను చేసింది యెహోవాకు నచ్చలేదని ఒకే వాక్యం. అప్పటిదాకా నోరు విప్పలేదు కాబట్టే దానికంత బరువు. అలాగని ఆ మౌనం తటస్థం కాదు. రాజులు యుద్ధానికి వెళ్లే కాలంలో దావీదు యెరూషలేములోనే ఉన్నాడని మొదటి వచనంలోనే అంటించాడు.

తర్వాత పిలుపులు గుర్తుపెట్టండి. పెళ్లయ్యాక కూడా 12:15లో బత్షెబ ఇంకా ‘ఊరియా భార్య’. ఆమె దావీదుకు భార్య అయిందని 11:27లో చెప్పినా, బిడ్డ చనిపోయాక, 12:24లో గానీ కథకుడు ఆమెను ‘అతని భార్య బత్షెబ’ అని పిలవడు.

ఇక ప్రవక్త నాతాను దావీదుకు చెప్పే కథ. ఒక ధనవంతుడు పేదవాడి ఒక్కగానొక్క గొర్రెపిల్లను లాక్కుని అతిథికి వండిస్తాడు. 12:3లో పేదవాడి గొర్రెపిల్ల అతని చేతిముద్ద తింటుంది, అతని గిన్నెలో తాగుతుంది, అతని కౌగిట పడుకుంటుంది. వెంటనే 11:11కి వెనక్కి వెళ్లండి. ఇంటికెళ్లి తిని, తాగి, భార్యతో పడుకోనా అని ఊరియా అడిగింది అక్కడే. అవే మూడు క్రియలు, అదే వరుస. అది మనకోసం పెట్టిన గుర్తు, దావీదుకు అందదు. అందుకే 12:5, 6లో నాలుగింతలు చెల్లించాలని అతనే శిక్ష వేసేస్తాడు. ‘ఆ మనిషివి నువ్వే’ అన్న నాతాను మాట ఆ తర్వాత వస్తుంది. ముందే వచ్చుంటే రాజు సమర్థించుకునేవాడు.

చాలామంది బోల్తా పడేది ఇక్కడే. గొర్రెపిల్ల ఎవరు, ధనవంతుడు ఎవరు అని జతలు కడతారు. కథలో చచ్చేది గొర్రెపిల్ల, బయట చచ్చింది ఊరియా. జత కుదరదు, కుదరకూడదు కూడా. అచ్చు గుద్దినట్టు ఉంటే దావీదు మొదటి వాక్యానికే పసిగట్టేవాడు.

‘నేను’ అంటూ సాగే కథల్లో ఆ ‘నేను’ ఎక్కడ ఆగుతుందో చూడండి. దానియేలు గ్రంథం 4వ అధ్యాయంలో బబులోను రాజు నెబుకద్నెజరు తన కల తనే చెప్పుకుంటాడు. 28 నుంచి 33 వరకు, అంటే మతి పోయి గడ్డి మేసిన భాగం, వేరే గొంతు చెబుతుంది. బుద్ధి తిరిగొచ్చిన 34లో మళ్లీ ‘నేను’. హీబ్రూ బైబిల్ ముద్రణల్లో ఈ అధ్యాయపు వచన సంఖ్యలు మూడు తక్కువగా ఉంటాయి, అక్కడ ఇది 31.