క్లబ్ ఫుట్‌తో పుట్టిన బిడ్డ: పిండికట్ల నుంచి తప్పటడుగుల దాకా

మా బాబు పుట్టినప్పుడు రెండు పాదాలూ లోపలికి తిరిగిపోయి, మడమలు పైకి లాక్కుపోయి, అరికాళ్లు ఒకదాన్నొకటి చూసుకుంటున్నట్టు ఉన్నాయి. దీన్నే క్లబ్ ఫుట్ అంటారు. ఆ రోజు ఎవరైనా పక్కన కూర్చుని ఓపిగ్గా చెప్పి ఉంటే ఎంత బావుండేదో అనిపించిన విషయాలే ఇప్పుడు రాస్తున్నాను. వాటిలో ముఖ్యమైనది ముందే చెప్పేస్తాను. కట్లు కట్టే ఆ రెండు నెలలూ వైద్యంలో చిన్న భాగమే, ఆ తర్వాత పాదం మళ్లీ తిరగబడకుండా ఇంట్లో మీరు రోజూ రాత్రి కడ్డీ ఉన్న ప్రత్యేకమైన బూట్లు తొడిగే నాలుగైదేళ్లే అసలు వైద్యం.

వెయ్యి మంది పిల్లల్లో ఒకరిద్దరు ఇలా పుడతారు, ఆడపిల్లల కంటే మగపిల్లల్లో దాదాపు రెట్టింపు, సుమారు సగం మందికి రెండు పాదాలూ అలాగే ఉంటాయి. కొన్ని కుటుంబాల్లో వంశపారంపర్యంగా వస్తుంది కానీ చాలామందిలో ఫలానా కారణమని తేల్చి చెప్పలేరు. గర్భంతో ఉన్నప్పుడు మీరు ఎటు తిరిగి పడుకున్నారు, ఏ బరువు ఎత్తారు అన్నదానివల్ల మాత్రం రాలేదు, ఆ బాధ ఈ రోజే వదిలేయండి. కడుపులో ఇరుకై పాదం కాస్త వంగి పుట్టే పిల్లలు వేరు, వాళ్ల పాదం చేత్తో మెల్లగా తిప్పితే మామూలుగా వచ్చేస్తుంది. క్లబ్ ఫుట్ బిగుసుకుని ఉంటుంది, మసాజ్‌తో తగ్గదు. ఈ రెండిట్లో మీ బిడ్డది ఏదన్నది డాక్టర్‌కే చూపించి తెలుసుకోండి, అదే సమయంలో తుంటి కీళ్లు, వెన్ను కూడా చూడమని అడగండి.

ఇప్పుడు ప్రపంచమంతా చేస్తున్నది పొన్సెటి పద్ధతి. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో డాక్టర్ ఇగ్నాసియో పొన్సెటి రూపొందించారు. పాదాన్ని కోసి సరిచేసే పెద్ద ఆపరేషన్ల అవసరం చాలామంది పిల్లలకి లేకుండా చేసింది ఇదే. పుట్టిన మొదటి ఒకటి రెండు వారాల్లో మొదలుపెడితే మంచిది, కానీ ఇది గంటల మీద పరుగెత్తాల్సిన ఎమర్జెన్సీ కాదు, సరైన డాక్టర్‌ని వెతకడానికి ఒక వారం పట్టినా నష్టం లేదు. ఆలస్యంగా తెలిసిన పిల్లలకీ, నడక వచ్చేసిన పిల్లలకీ కూడా ఇది పనిచేస్తుంది. డాక్టర్‌ని సూటిగా మూడు ప్రశ్నలు అడగండి: పొన్సెటి పద్ధతిలో శిక్షణ తీసుకున్నారా, కట్టు తొడ దాకా వేస్తారా, కట్ల తర్వాత బూట్లు ఎన్నేళ్లు వేయిస్తారు. మోకాలి కింద వరకే కట్టు వేస్తామంటే అది పొన్సెటి కాదు, ఇంకొకరిని చూడండి.

వారానికోసారి పాదాన్ని చేత్తో కొద్దికొద్దిగా తిప్పి, ఆ స్థితిలోనే నిలిచేలా కాలి వేళ్ల నుంచి తొడ పైదాకా, మోకాలు వంచి పిండికట్టు వేస్తారు. మామూలుగా అయిదు నుంచి ఏడు కట్లు పడతాయి. మొదటి కట్టు చూసి నేను చాలా భయపడ్డాను, పాదం ముందుకంటే ఎక్కువ వంకర తిరిగినట్టు అనిపించింది. అది తప్పు కాదు. ముందు పాదం మధ్యలో ఉన్న లోతైన వంపుని సరిచేయాలి, అందుకోసం పాదం ముందు భాగాన్ని పైకి లేపి పెడతారు. తర్వాతి కట్లలో పాదం బయటికి తిరుగుతూ వస్తుంది, మడమ కిందికి దిగడం అన్నిటికన్నా చివర.

కట్టు వేసేటప్పుడు బిడ్డ ప్రశాంతంగా ఉండటం చాలా అవసరం, అందుకే కాస్త ఆకలితో తీసుకెళ్లి సరిగ్గా ఆ సమయానికి పాలు పట్టండి. మొదటి రోజు గంట రెండు గంటలకోసారి కాలి వేళ్లు చూడండి, వేలిని నొక్కి వదిలితే తెల్లబడి రెండు మూడు సెకన్లలో మళ్లీ గులాబీ రంగుకి రావాలి. వేళ్లు నీలంగా, చల్లగా, వాచినట్టు ఉన్నా, బిడ్డ ఎంత ఊరుకోబెట్టినా ఆగకుండా ఏడుస్తున్నా వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. నిన్న కనిపించిన వేళ్లు ఇవాళ కట్టు లోపలికి వెళ్లిపోయాయంటే కట్టు జారిందన్నమాట, వచ్చే వారం అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు. జారిన కట్టు పాదాన్ని తప్పు చోట నొక్కుతుంది, దానికంటే కట్టు లేకపోవడమే నయం. ఇక స్నానం ఉండదు, తడిగుడ్డతో తుడవడమే. డైపర్ తరచుగా మార్చండి, దాని అంచు కట్టు పైకి రాకుండా చూసుకోండి.

కట్లు అయ్యాక కూడా చాలామంది పిల్లలకి మడమ పూర్తిగా కిందికి దిగదు, ఎందుకంటే మడమ వెనక ఉండే అకిలిస్ టెండన్, అంటే పిక్క కండరాన్ని మడమ ఎముకకి కలిపే తాడులాంటి భాగం, పొట్టిగా, బిగుతుగా ఉంటుంది. దాన్ని చిన్న గాటుతో తెంపుతారు. వినడానికి భయంగా ఉంటుందని నాకు తెలుసు, కానీ సాధారణంగా ఆ చోట మత్తు ఇచ్చి కొద్ది నిమిషాల్లో చేసేస్తారు, కుట్లు కూడా ఉండవు, ఆ తర్వాత వేసే ఆఖరి కట్టు మూడు వారాలు ఉంటుంది. ఆ మూడు వారాల్లో టెండన్ సరిపడా పొడవుతో మళ్లీ పెరుగుతుంది. కట్టు మీద చిన్న రక్తపు మచ్చ కనిపిస్తే దాని చుట్టూ పెన్నుతో గీత గీయండి, గీత దాటి పాకుతుంటే ఫోన్ చేయండి.

ఇక బూట్లు. రెండు బూట్ల మధ్య ఒక కడ్డీ ఉంటుంది, దాని పొడవు బిడ్డ భుజాల వెడల్పుకి సరిపోవాలి. క్లబ్ ఫుట్ ఉన్న కాలు 60–70 డిగ్రీలు బయటికి, రెండో పాదం మామూలుదైతే అది 30–40 డిగ్రీలు తిరిగి ఉంటుంది. మొదటి మూడు నెలలు రోజుకి 23 గంటలు వేయాలి, తర్వాత రాత్రి నిద్రకీ పగటి కునుకుకీ కలిపి 12 నుంచి 14 గంటలు, నాలుగైదేళ్లు వచ్చేదాకా. మొదటి రెండు మూడు రాత్రులు బిడ్డ ఏడుస్తుంది, మీకూ ఏడుపొస్తుంది. అది చాలావరకు నొప్పి కాదు, రెండు కాళ్లూ విడివిడిగా ఆడించలేకపోవడమే. కడ్డీ పట్టుకుని రెండు మోకాళ్లనీ కలిపి వంచుతూ చాపుతూ ఆడించండి, రెండూ కలిపి తన్నడం నేర్చుకోగానే సర్దుకుంటుంది.

తొడిగేటప్పుడు పలచటి కాటన్ సాక్స్ ముడతల్లేకుండా వేసి, మోకాలు వంచి, మడమని బూటు అడుగుకి ఆనించి పట్టుకుని, ముందు మధ్య పట్టీ బిగించండి. మిగతావి ఆ తర్వాతే. సాక్స్ మీద వేళ్ల చివర ఎక్కడికి వచ్చాయో గుర్తు పెట్టుకుంటే మడమ జారిందీ లేనిదీ తెలిసిపోతుంది. కాస్త ఎర్రబడి కాసేపటికి మామూలైతే ఫర్వాలేదు, ఆ చోట క్రీములు రాయొద్దు, చర్మం మెత్తబడి ఇంకా పాడవుతుంది. పొక్కు వస్తే పట్టీ వదులైందేమో చూడండి, అసలు చాలా పొక్కులు వచ్చేది బిగువు ఎక్కువై కాదు, వదులై పాదం లోపల రాసుకోవడం వల్ల.

మా తప్పు కూడా చెబుతాను. బాబుకి ఏడో నెలలో జ్వరం వచ్చింది, పాపం అని బూట్లు తీసేశాం, జ్వరం తగ్గినా రెండు వారాలు మళ్లీ వేయలేదు, పాదాలు చూస్తే చక్కగా ఉన్నాయి కదా అనుకున్నాం. మళ్లీ వేయబోతే ఎడమ మడమ బూటులో కూర్చోలేదు. మళ్లీ మూడు కట్లు పడ్డాయి. పాదం మళ్లీ తిరగబడటానికి అన్నిటికన్నా పెద్ద కారణం బూట్లు మానేయడమేనని డాక్టర్ ముందే చెప్పారు, మేమే సరిగ్గా వినలేదు. జ్వరమైనా ప్రయాణమైనా, డాక్టర్ తీయమంటే తప్ప తీయకండి.

నడక గురించి అందరికీ టెన్షనే. ఏ ఇబ్బందీ లేని పిల్లలే ఎనిమిదో నెల నుంచి 18 నెలల మధ్య ఎప్పుడైనా నడుస్తారు. క్లబ్ ఫుట్ పిల్లలు సగటున ఒకటి రెండు నెలలు వెనకగా ఉంటారు, అంతే. మా వాడు 15వ నెలలో తప్పటడుగులు వేశాడు. కట్టుతో ఉన్నా, బూట్లతో ఉన్నా, మెలకువగా ఉన్నప్పుడు మీ కళ్ల ముందు బోర్లా పడుకోబెట్టండి, మెడ, వీపు గట్టిపడాలి కదా. పగలు బూట్లు లేని గంటలు మొదలయ్యాక నేల మీద వదిలేయండి, దోగాడనివ్వండి, మంచం అంచు పట్టుకుని పక్కకి నడవనివ్వండి. ఇంట్లో చెప్పుల్లేని కాళ్లే మేలు. బొమ్మ నేల మీద పెట్టి గొంతుక్కూర్చుని తీసుకునేలా చేస్తే చీలమండ బాగా వంగుతుంది, నాకు తెలిసి ఇంతకంటే మంచి వ్యాయామం లేదు. చక్రాల వాకర్ వద్దు, నడక త్వరగా రాదు సరికదా దెబ్బలు తగులుతాయి, కెనడాలో 2004 నుంచి వాటి అమ్మకాన్నే నిషేధించారు. 18 నెలలు దాటినా నడవకపోతే పాదాల మీదకి నెట్టేయకుండా పిల్లల డాక్టర్‌కి చూపించండి, కారణం వేరే ఉండొచ్చు.

నడక వచ్చాక రాత్రి బూట్లతో గొడవ మొదలవుతుంది, పట్టీలు విప్పడం నేర్చుకుంటారు. పళ్లు తోముకున్నట్టే ఇదీ పడుకునే ముందు పని అని రోజూ అదే వేళకి, బేరాలు లేకుండా తొడిగేయండి. పిక్క కాస్త సన్నగా, పాదం రెండో దానికంటే కొంచెం చిన్నగా ఉండిపోతుంది, దానికి కంగారు పడొద్దు. మడమ నేలకి ఆనకపోవడం, పాదం బయటి అంచు మీద నడవడం, వేళ్లు లోపలికి తిరగడం, బాగా పట్టిన బూటులోంచి హఠాత్తుగా మడమ జారడం కనిపిస్తే మాత్రం చెకప్ తేదీ దాకా ఆగకుండా వెళ్లండి. తొందరగా వెళ్తే చాలాసార్లు కొన్ని కట్లతోనే సరిపోతుంది, కొందరికి మూడేళ్ల వయసు దగ్గర పడ్డాక పాదం ముందు భాగంలోని ఒక టెండన్‌ని బయటి వైపుకి మార్చే ఆపరేషన్ అవసరమవుతుంది. మార్పు మెల్లగా వస్తుంది కాబట్టి రోజూ చూసే మన కంటికి ఆనదు, అందుకే నెలకోసారి బిడ్డ నిలబడినప్పుడు వెనక నుంచి మడమలు కనిపించేలా ఒక ఫొటో, నడుస్తుండగా ఒక చిన్న వీడియో తీసి పెట్టుకోండి, వెళ్లినప్పుడల్లా పాతవీ కొత్తవీ పక్కపక్కన పెట్టి డాక్టర్‌కి చూపించండి.