పాత ఫోర్ వీల్ జీపుకు ట్రైలర్ తగిలించే ముందు

మృగశిర కార్తె దగ్గర పడిందంటే మొయినాబాద్, చేవెళ్ల, వికారాబాద్ వైపు పొలాలున్న హైదరాబాద్ వాళ్లకి సామాన్ల మోత మొదలవుతుంది. జనరేటర్, మోటారు, ఎరువు బస్తాలు. ఇంట్లో పాత మహీంద్రా ఎంఎం540 జీపు ఉంటే దానికే ఒక రెండు చక్రాల ట్రైలర్ తగిలిద్దామనిపిస్తుంది. ఎత్తులో బండి ఒక్కసారి గింజుకోగానే "ఇంజన్ చాలట్లేదు, పెద్దది వేసేద్దాం ఉస్తాద్" అనే మాట వచ్చేస్తుంది. నన్నడిగితే ఇంజన్ ఆఖరున ఆలోచించాల్సిన విషయం.

ఇంజన్ బలం క్లచ్, గేర్ బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేస్ (బలాన్ని ముందు, వెనక యాక్సిళ్లకి పంచేది), ప్రొపెల్లర్ షాఫ్ట్ (అక్కడి నుంచి యాక్సిల్ దాకా తిరిగే కడ్డీ), క్రౌన్ పినియన్ (యాక్సిల్ లోపలి పెద్ద, చిన్న గేర్ల జత), యాక్సిల్ దాటుకుని చక్రానికి చేరుతుంది. ఇవన్నీ పాత ఇంజన్‌కి తగ్గట్టు చేసినవి. ముందు బలం పెంచితే వెనక ఎక్కడో ఒకటి విరుగుతుంది, అదీ లోడు వెనకాల ఉన్నప్పుడే.

అసలు మొదట చూడాల్సింది బ్రేకులు. చాలా పాత జీపుల్లో మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ని చక్రాలకి నెట్టేది) సింగిల్ సర్క్యూట్. ఒక్క చక్రం దగ్గర ఆయిల్ కారినా నాలుగింటికీ బ్రేకు పోతుంది. దాన్ని టాండెమ్‌కి, అంటే రెండు వేర్వేరు సర్క్యూట్లు ఉండేదానికి, మార్పించడం గేర్ల మీద పెట్టే ఏ ఖర్చుకన్నా ముందు జరగాలి. డ్రమ్ బ్రేకులు వేడెక్కితే పట్టు వదిలేస్తాయి కాబట్టి, అనంతగిరి ఘాట్ దిగేటప్పుడు తక్కువ గేర్‌లోనే దిగాలి. ట్రైలర్ బరువెక్కువైతే దానికి సొంత బ్రేకులు ఉండాల్సిందే.

రెండోది వేడి. వానలు మొదలయ్యేలోపు హైదరాబాద్ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, ఆ ఎండలో లోడు లాగితే సగం మూసుకుపోయిన రేడియేటర్ బండారం బయటపడుతుంది. కోర్ విప్పించి శుభ్రం చేయించండి, ఫ్యాన్ చుట్టూ ఉండే ష్రౌడ్ అనే తొడుగు పీకేసి ఉంటే మళ్లీ పెట్టించండి.

ఇక లాగుడు. దీన్ని తేల్చేది క్రౌన్ పినియన్ రేషియో. మీ బండిలో ఏముందో ఆర్‌సీ చెప్పదు, పళ్లు లెక్కపెట్టాల్సిందే. క్రౌన్‌కి 43, పినియన్‌కి 8 ఉంటే, 43ని 8తో భాగిస్తే రేషియో 5.38. అదే 47, 11 అయితే 4.27. 4.27 తీసి 5.38 వేస్తే ప్రతి గేర్‌లోనూ లాగుడు పావు వంతుకు పైగా పెరుగుతుంది. కానీ ఔటర్ రింగ్ రోడ్డు మీద 80లో వెళ్తుంటే ఇంజన్ ఇదివరకు 100లో తిరిగినంత తిరుగుతుంది. స్పీడు వదులుకోవడం ఇష్టం లేనివాళ్లు ఈ పని పెట్టుకోకపోవడమే మంచిది. పెద్ద టైర్లు దీనికి సరిగ్గా ఉల్టా. 28 అంగుళాలవి తీసి 31 వేస్తే లాగుడులో దాదాపు పదో వంతు పోతుంది. లుక్కు కోసం ఆ టైర్లు వేసుకుని, ఆ తర్వాత ఇంజన్‌ని తిట్టుకునేవాళ్లు కొందరు.

రేషియో మార్చేటప్పుడు ముందు యాక్సిల్, వెనక యాక్సిల్ రెండూ కలిపి మార్చాలి. ఖర్చు తగ్గుతుందని వెనకది ఒక్కటే మార్చి "ఫోర్ వీల్ ఎలాగూ వాడం కదా" అనుకుంటారు. మొదటి వానకి నల్లరేగడిలో చక్రం దిగగానే చెయ్యి ఆ లివర్ మీదికే పోతుంది. ముందు చక్రాలదొక లెక్క, వెనక చక్రాలదొక లెక్క అయ్యాక ఆ ఒత్తిడంతా ట్రాన్స్‌ఫర్ కేస్ మీద, షాఫ్ట్ చివర్ల కీళ్లలా ఉండే క్రాస్‌ల మీద పడి ఏదో ఒకటి పగులుతుంది. రేషియోలు కలిసినా సరే, ఎండిన తారు రోడ్డు మీద ఈ బండ్లలో ఫోర్ వీల్ వేయకూడదు.

సెకండ్ హ్యాండ్ క్రౌన్ పినియన్ కొంటుంటే రెండిటి మీదా ఒకే నంబరు చెక్కి ఉందో లేదో చూడండి. అవి జతగా తయారవుతాయి. ఒక బండిది క్రౌన్, ఇంకో బండిది పినియన్ కలిపితే ఊళ పెడుతూనే అరిగిపోతాయి. బిగించే రోజు షాపులోనే ఉండండి. పళ్లకి మార్కింగ్ బ్లూ రాసి తిప్పినప్పుడు అచ్చు పంటి మధ్యలో పడాలి, చివరకో అడుగుకో జరిగితే షిమ్‌లు (సందు సరిచేసే పలుచటి రేకులు) మార్చాలి. పళ్ల మధ్య ఆటని, అంటే వదులుని, డయల్ గేజ్‌తో కొలవాలి. మామూలుగా అది మిల్లీమీటరులో పదో వంతు నుంచి ఐదో వంతు దాకా ఉంటుంది, మీ యాక్సిల్‌కి ఎంతో మాన్యువల్ చూడాలి. చేత్తో ఆడించి "కరెక్టే ఉంది సార్" అనే చోట ఈ పని చేయించకండి.

ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పేముందు రెండు ముక్కల మీదా పంచ్‌తో గుర్తు కొట్టించండి. రెండు చివర్ల యోక్‌లు (క్రాస్‌ని పట్టుకునే చెవులు) ఒకే వరుసలో లేకపోతే బండి వణుకుతుంది, ఆ వణుకుకి ఊరికే క్రాస్‌లు మార్చిస్తూ కూర్చోవాల్సి వస్తుంది. గేర్ బాక్స్ మార్చారంటే షాఫ్ట్ పొడవు కూడా మారుతుంది. బాలానగర్‌లో లేత్ పని బాగా చేసేవాళ్లకి కొదవ లేదు కానీ, కోసి వెల్డింగ్ చేశాక బ్యాలెన్సింగ్ చేసిందీ లేనిదీ అడగండి.

ఆయిల్ విషయంలో టెన్షన్ అక్కర్లేదు, రెండు డబ్బాలు కలవకుండా చూసుకుంటే చాలు. పాత గేర్ బాక్సుల్లో గేరు సాఫీగా పడేలా చేసే ఇత్తడి సింక్రో రింగులుంటాయి, వాటికి జీఎల్-4 గ్రేడు ఆయిల్. క్రౌన్ పినియన్‌కి జీఎల్-5. యాక్సిల్ మీది బ్రీదర్ (లోపలి గాలి ఆడే చిన్న రంధ్రం) మట్టితో మూసుకుపోతే వాననీళ్లు సీళ్లలోంచి లోపలికి పోతాయి. ఆయిల్ పాల రంగుకి తిరిగితే అదే కారణం.

హుక్ బంపర్‌కి కాదు, ఛాసిస్‌కి బోల్టులతో బిగించాలి. ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హుక్ మీద పడేలా సామాను ఇరుసుకి కాస్త ముందుకి సర్దండి. వెనక్కి సర్దితే ట్రైలర్ పాములా ఊగుతుంది. ఊగడం మొదలైతే బ్రేకు తొక్కకుండా యాక్సిలరేటర్ వదిలేయండి.

కాగితాల సంగతి. ట్రైలర్‌కి వేరే రిజిస్ట్రేషన్ ఉండాలి. ఇంజనే మార్చాలనుకుంటే ముందు ఆర్టీఏ అనుమతి, తర్వాత ఆర్‌సీలో కొత్త ఇంజన్ నంబరు, ఆ తర్వాత ఇన్సూరెన్స్ వాళ్లకి కబురు. కంపెనీ ఇచ్చిన ఒరిజినల్ స్పెసిఫికేషన్ మారేలా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడాది సవరించిన మోటారు వాహనాల చట్టంలో, అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా ఉన్నాయి.

ఇదంతా మే నెలాఖరులో పెట్టుకుంటే కుదరదు. కొత్త గేర్లతో మొదటిసారి ఓ పాతిక కిలోమీటర్లు మెల్లగా నడిపి పూర్తిగా చల్లారనివ్వాలి. 800 కిలోమీటర్ల దాకా ట్రైలర్ తగిలించకూడదు. అప్పుడు ఆయిల్ దించి, డ్రెయిన్ ప్లగ్‌కి మ్యాగ్నెట్ ఉంటే వేలితో తడిమి చూడండి. మెత్తటి బూడిదరంగు గుజ్జు ఉంటే మామూలే. గోటికి తగిలే పెచ్చులుంటే హౌసింగ్ మళ్లీ విప్పాల్సిందే, ఈ సీజన్‌కి సామాన్లు కిరాయి బొలేరోలో పంపించేయండి.