తాడి మీంచి పడ్డ మనిషిని లేపొద్దు

మా అన్న తాడి మీంచి పడ్డ రోజు మేం పరుగున వెళ్లి చంకల కింద చేతులేసి లేపి కూర్చోబెట్టాం. నీళ్లు తాగించాం. ఆటోలో కాళ్లు ముడిచి పడుకోబెట్టి తీసుకుపోయాం. మూడూ తప్పులే. తొమ్మిదేళ్లుగా అన్న చక్రాల కుర్చీలో ఉన్నాడు. ఎముక పడ్డప్పుడే విరిగిందనీ, మేం ఎత్తి కుదపడం వల్ల లోపలి నరాలకు దెబ్బ ఎంత పెరిగిందో చెప్పలేమనీ డాక్టరు అన్నారు. ఆ మాట నన్నింకా వదల్లేదు. అందుకే తాడి ఎక్కడానికి మోకు తాడు కట్టే ప్రతి ఇంట్లో ఇది చెబుతున్నా.

పడ్డ మనిషి మొహం ఎటుంటే అటు నుంచే వెళ్లండి. వెనక నుంచి పిలిస్తే తల తిప్పుతాడు. "కదలకు అన్నా" అని ముందే చెప్పండి. ఒకరు 108కి ఫోన్ చేసి, ఎంత ఎత్తు నుంచి పడ్డాడో, కాళ్లు కదులుతున్నాయో లేదో చెప్పాలి. ఇంకొకరు రోడ్డెక్కి నిలబడాలి, తాటివనానికి దారి అంబులెన్సు డ్రైవరుకు తెలియదు.

అన్న నొప్పి అనలేదు. "తమ్మీ, నా కాళ్లు ఏడున్నయ్‌రా?" అన్నాడు. బొటనవేలు గట్టిగా నొక్కితే మొహంలో మార్పే లేదు. పంచె తడిసింది, భయానికి అనుకున్నాం. మూత్రం మీద పట్టు పోవడం వెన్ను దెబ్బకు పెద్ద గుర్తని తర్వాత తెలిసింది. తిమ్మిరి, చీమలు పాకినట్టుండడం, తొడల మధ్య స్పర్శ తెలియకపోవడం, ఊపిరి కష్టమవడం కూడా అంతే. కాళ్లు కదిలినా సరే, వెన్నులో గట్టి నొప్పి ఉంటే అదే జాగ్రత్త. నిలువునా మడమల మీద పడితే ఆ అదురు నడుము దాకా ఎక్కుతుంది. ఆస్పత్రిలో మడమకే కట్టు కట్టి పంపుతుంటే, నడుము ఎక్స్‌రే కూడా అడగండి.

తల దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, రెండు అరచేతులూ చెవుల పక్కన ఆనించి, తల ఎలా ఉందో అలాగే పట్టుకోండి. సరిచేద్దామని లాగొద్దు. తల కింద తువ్వాలు కూడా పెట్టొద్దు. నీళ్లు, కల్లు ఏవీ పోయొద్దు. మీద దుప్పటి కప్పండి. మోకు ఒంటికి చుట్టుకుని ఊపిరికి అడ్డమైతే, విప్పడానికి మనిషిని దొర్లించకండి, కోసేయండి. మోకు కోయడానికి మనసొప్పదు, తెలుసు. కోయండి.

వాంతి వస్తే మాత్రం పక్కకు తిప్పక తప్పదు. తల ఒకరు, భుజాలు, నడుము, కాళ్లు ముగ్గురు పట్టుకుని, తల పట్టుకున్నవాడు మూడు లెక్కపెట్టగానే దుంగను దొర్లించినట్టు ఒంటినంతా ఒకేసారి తిప్పాలి. ఊపిరే ఆగితే వెన్ను సంగతి తర్వాత, వెల్లకిలా ఉంచి రొమ్ము మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కండి.

అంబులెన్సు వచ్చేదాకా తల వదలొద్దు. చేతులు నొప్పెడితే, ఇంకొకరు తమ చేతులు ఆనించాకే మీవి తీయండి.