ఆన్ అయినా డెస్క్‌టాప్ దాకా రాని కంప్యూటర్: ఇంట్లోనే చేసుకోగల పరీక్షలు

స్విచ్ నొక్కగానే లైటు వెలిగి, ఫ్యాన్ తిరిగి, డెస్క్‌టాప్ దాకా రాకుండానే కంప్యూటర్ ఆగిపోతే చాలామంది నాలుగైదుసార్లు ఆఫ్ చేసి ఆన్ చేసి, ఆ తర్వాత మెకానిక్‌కు ఫోన్ చేస్తారు. అంతకంటే ముందు, అది సరిగ్గా ఏ దశలో ఆగుతోందో గమనించాలి. తెరపై ఏమీ రాకముందే ఆగిందా, కంపెనీ లోగో దగ్గర ఆగిందా, విండోస్ చుక్కలు తిరుగుతూనే ఉన్నాయా, పాస్‌వర్డ్ ఇచ్చిన తర్వాత ఆగిందా అన్నదాన్ని బట్టి లోపం ఉన్న చోటు మారుతుంది. తెరపై ఏదైనా ఎర్రర్ కనిపిస్తే సెల్‌ఫోన్‌తో ఫొటో తీసి ఉంచుకోండి.

హైదరాబాద్‌లో మే నెల గాలివానలకు కరెంటు పోయి వచ్చిన తర్వాత ఈ సమస్య మొదలైతే ముందుగా కరెంటు సంగతి చూడాలి. ఎక్స్‌టెన్షన్ బోర్డును పక్కనపెట్టి నేరుగా గోడ ప్లగ్గుకే కలిపి చూడండి. ఫ్యాన్ కూడా తిరగకపోతే కంప్యూటర్ భాగాలకు కరెంటు అందించే ఎస్‌ఎమ్‌పీఎస్‌ను అనుమానించవచ్చు గానీ, దాని డబ్బాను మాత్రం ఇంట్లో విప్పవద్దు. ప్లగ్గు తీసేసిన తర్వాత కూడా లోపలి కెపాసిటర్లలో ప్రమాదకరమైన వోల్టేజీ నిలిచి ఉంటుంది.

ఫ్యాన్ తిరుగుతూ తెర నల్లగానే ఉంటే, మానిటర్ కేబుల్ గట్టిగా ఉందో లేదో, విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉన్న కంప్యూటర్‌లో ఆ కేబుల్ పొరపాటున మదర్‌బోర్డుకు పెట్టారేమో చూసి, తర్వాత మదర్‌బోర్డు స్లాటులో పట్టీలా నిలబడి ఉండే మెమరీ, అంటే ర్యామ్ దగ్గరికి రండి. రోడ్డు వైపు కిటికీ ఉన్న ఇళ్లలో సీపీయూ పెట్టెలోకి ఎంత దుమ్ము చేరుతుందో మూత తీస్తేగాని తెలియదు. ముందు ప్లగ్గు పూర్తిగా తీసి, పవర్ బటన్‌ను 10 సెకన్లు నొక్కి ఉంచండి. పెట్టె లోపలి రంగు వేయని ఇనుప భాగాన్ని చేత్తో ఒకసారి తాకండి. ఒంట్లోని స్టాటిక్ కరెంటు అలా పోతుంది. స్లాటు చివర ఉన్న క్లిప్పును వెనక్కి నొక్కితే ర్యామ్ పైకి లేస్తుంది. దాని అంచున వరుసగా ఉండే బంగారు రంగు పట్టీలను వేళ్లతో ముట్టుకోకుండా, మెత్తని పెన్సిల్ రబ్బరుతో తేలికగా రుద్ది, రబ్బరు పొట్టు లేకుండా దులిపి, మళ్లీ క్లిక్ అని వినిపించేదాకా నొక్కండి. రెండు ర్యామ్‌లు ఉంటే ఒక్కొక్కదాన్నే పెట్టి చూస్తే చెడినది బయటపడుతుంది. కొత్త రకమైన డీడీఆర్5 ర్యామ్ ఉన్న కంప్యూటర్, ర్యామ్ తీసి పెట్టిన తర్వాత మొదటిసారి కొన్ని నిమిషాలపాటు నల్లతెరతోనే ఉండవచ్చు కాబట్టి అప్పుడే ఆఫ్ చేయకండి.

లోగో దగ్గర ఆగితే కీబోర్డు, మౌస్ తప్ప పెన్‌డ్రైవ్, ప్రింటర్ లాంటివన్నీ పీకేసి ఆన్ చేయండి. అయినా కదలకపోతే విండోస్ కంటే ముందే నడిచే మదర్‌బోర్డు సెట్టింగుల తెర, అంటే బయోస్‌లోకి వెళ్లాలి. డెల్‌లో ఎఫ్2, హెచ్‌పీలో ఎఫ్10, చాలా మదర్‌బోర్డుల్లో డిలీట్ కీ అందుకు పనికొస్తాయి. అక్కడ హార్డ్ డిస్క్ పేరు కనిపిస్తోందో లేదో చూడండి. కనిపించకపోతే కేబుల్ వదులైనా అయి ఉండాలి, డిస్కే పోయి అయినా ఉండాలి. తేదీ ఏళ్ల వెనక్కి వెళ్లిపోయి ఉంటే మదర్‌బోర్డు మీది సీఆర్2032 బిళ్ల బ్యాటరీని మార్చండి. తెలియని సెట్టింగులు మాత్రం ముట్టుకోకండి. డిస్కులోని డేటాకు తాళం వేసే విండోస్ సదుపాయం బిట్‌లాకర్ ఉన్న కంప్యూటర్‌లో బయోస్ మార్పుల తర్వాత 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. చాలా సందర్భాల్లో అది మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది.

హార్డ్ డిస్క్ నుంచి టిక్ టిక్ అని ఆగకుండా శబ్దం వస్తుంటే మాత్రం ఏ రిపేరూ మొదలుపెట్టవద్దు. చెడిపోతున్న డిస్కుపై, తప్పులు వెతికి సరిచేసే విండోస్ ప్రోగ్రామ్ చెక్‌డిస్క్ నడిపితే అది డిస్కును ఇంకా శ్రమపెట్టి, మిగిలిన ప్రాణం కూడా తీయవచ్చు. పిల్లల ఫొటోలూ, ఇంటి కాగితాలూ అందులోనే ఉంటే, వెంటనే ఆఫ్ చేసి డేటా రికవరీ తెలిసినవారికి చూపించడం మంచిది.

విండోస్ చుక్కల దగ్గర ఆగిందంటే హార్డ్‌వేర్ చాలావరకు బాగున్నట్టే. అప్‌డేట్ నడుస్తుంటే, పాత హార్డ్ డిస్కుల మీద అది గంటకు పైగా పట్టవచ్చు. డిస్క్ లైటు మినుకుమంటున్నంతసేపూ ఓపిక పట్టండి. ఏ కదలికా లేకపోతే, చుక్కలు కనిపించగానే పవర్ బటన్ నొక్కి పట్టి ఆపేయండి. ఇలా రెండు మూడుసార్లు చేస్తే విండోస్ తనంతట తానే రికవరీ తెరను చూపిస్తుంది. అందులో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్ మీదుగా రీస్టార్ట్ చేసి 4 నొక్కితే, అవసరమైన వాటితో మాత్రమే విండోస్ నడిచే సేఫ్ మోడ్ వస్తుంది. సేఫ్ మోడ్‌లో చక్కగా తెరుచుకుంటే, ఇటీవల వేసిన డ్రైవర్‌నో యాంటీవైరస్‌నో తీసేయండి. అక్కడికీ రాకపోతే స్టార్టప్ రిపేర్‌ను, ఆ తర్వాత అప్‌డేట్ తొలగింపును ప్రయత్నించండి. విండోస్‌ను మళ్లీ కొత్తగా వేసే రీసెట్‌ను నేను చివరికే ఉంచుతాను. ఫైళ్లు ఉంచమని కోరినా మీరు ఇన్‌స్టాల్ చేసుకున్న ప్రోగ్రాములన్నీ పోతాయి. ట్యాలీ, డీటీపీ సాఫ్ట్‌వేర్ వాడే ఇళ్లలో అది చిన్న నష్టం కాదు.

పాస్‌వర్డ్ తర్వాత నల్లతెర వస్తే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరిచి, డెస్క్‌టాప్‌ను చూపించే ప్రోగ్రామ్ ఎక్స్‌ప్లోరర్‌ను కొత్త టాస్క్‌గా (explorer.exe అని టైప్ చేసి) నడిపి చూడండి.

విడిభాగం మార్చక తప్పదని తేలితే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు పాత ర్యామ్‌ను చేతపట్టుకునే వెళ్లండి. డీడీఆర్3, డీడీఆర్4 రకాల ర్యామ్‌లకు గాడి ఉండే చోటు వేరు కాబట్టి ఒకదాని స్లాటులో మరొకటి పట్టదు. కంప్యూటర్‌నే రిపేరుకు ఇస్తుంటే, ఏ దశలో ఆగుతోందో, మీరు ఏమేం చేసి చూశారో ఒక కాగితంపై రాసి ఇవ్వండి, డేటా చెరపకూడదన్న మాటను రసీదు మీదే రాయించుకోండి. డిస్క్ మారిస్తే పాతదాన్ని అడిగి వెనక్కి తీసుకోండి.