వృద్ధుల వ్యాయామ కార్యక్రమాలపై పరిశోధించే విద్యార్థికి శిక్షణ ఇవ్వడం ఎలా?

వృద్ధుల సామూహిక వ్యాయామ కార్యక్రమాలపై పరిశోధనకు వచ్చే విద్యార్థులకు గణాంకాలు, శరీరధర్మ శాస్త్రం బాగానే వచ్చి ఉంటాయి గానీ, మోకాళ్ల నొప్పితో ఉన్న పెద్దావిడ కుర్చీలోంచి లేస్తున్నప్పుడు తాము ఏ వైపు నిలబడాలో చాలామందికి తెలియదు. అందువల్ల మొదటి కొన్ని వారాలు వారి చేత ఏ సమాచారమూ సేకరించనివ్వకుండా, తరగతిలో సహాయకులుగా పనిచేయించడం మంచిది. కుర్చీలు వేయడం, హాజరు తీసుకోవడం, శిక్షకుల మాట సరిగా వినబడని వారి పక్కన నిలబడి చేసి చూపించడం వంటి పనుల వల్ల, ఎవరు ఏ వ్యాయామాన్ని మొహమాటంతో సగమే చేస్తున్నారో, ఎవరు అలసటను దాచుకుంటున్నారో విద్యార్థికి పట్టుబడుతుంది.

చదువు కూడా దీనితో పాటే సాగాలి. 65 ఏళ్లు దాటినవారు వారానికి 150 నుంచి 300 నిమిషాలు మధ్యస్థ తీవ్రతతో శ్రమించాలని, కనీసం రెండు రోజులు కండరాలను బలపరిచే వ్యాయామాలు, మూడు రోజులు సమతౌల్యానికి ప్రాధాన్యమిచ్చే వ్యాయామాలు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. అమెరికాలో జరిగి, 2014లో ఫలితాలు వెలువడిన లైఫ్ అనే అధ్యయనంలో 70 నుంచి 89 ఏళ్ల మధ్య వయసున్న 1,635 మంది పాల్గొనగా, నడక సామర్థ్యాన్ని గణనీయంగా కోల్పోయినవారు వ్యాయామ బృందంలో 30.1 శాతం, ఆరోగ్య విద్య మాత్రమే పొందిన బృందంలో 35.5 శాతం ఉన్నారు. ఈ తేడాను తరగతిలోని ఒక పెద్దాయనకు అర్థమయ్యే మాటల్లో, ఎక్కువ చేయకుండా, తక్కువ చేయకుండా చెప్పమని విద్యార్థిని అడగండి. ఆ పని రాత పరీక్ష కంటే కష్టం.

కొలతల దగ్గర మాత్రం తొందర పనికిరాదు. ముప్పై సెకన్లలో కుర్చీలోంచి ఎన్నిసార్లు లేచి కూర్చోగలరో లెక్కించే కుర్చీ పరీక్షనే తీసుకుందాం. చేతులు లేని, సుమారు 43 సెంటీమీటర్ల ఎత్తున్న కుర్చీని జరగకుండా గోడకు ఆనించి వేయాలి. పాల్గొనేవారు పాదాలు నేలకు పూర్తిగా ఆనించి, చేతులు ఛాతీ మీద అడ్డంగా పెట్టుకుని, పూర్తిగా లేచి నిలబడి కూర్చోవడాన్ని ఒకటిగా లెక్కించాలి. సమయం ముగిసేసరికి సగం కంటే ఎక్కువ లేచి ఉంటే దానిని కూడా కలుపుకోవాలి. అసలు చిక్కు ఇక్కడే వస్తుంది: మోకాళ్లు కాస్త వంగి ఉండగానే కూర్చున్నవారిని లెక్కలో వేయాలా, వద్దా? ఒకే వీడియోను ఇద్దరు విద్యార్థులకు విడివిడిగా చూపి లెక్కపెట్టించి, తేడా వచ్చిన చోట ఆపి చర్చించండి. ఇద్దరి లెక్కలు నిలకడగా కలిసే వరకు అసలు పరీక్షలకు పంపవద్దు. ‘బాగా చేస్తున్నారు, ఇంకొక్కటి’ అని ఉత్సాహపరచాలని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ ఆ మాట కార్యక్రమం ముగిశాక జరిపే పరీక్షలో మాత్రమే వినిపిస్తే, పెరిగిన సంఖ్యలో వ్యాయామం వాటా ఎంతో, ఆ మాట వాటా ఎంతో చెప్పలేము. కాబట్టి సూచనలను రాసుకుని, ప్రతిసారీ అవే చదవాలి. కొలిచే వ్యక్తికి ఎవరు ఏ బృందంలో ఉన్నారో తెలియకుండా చూడటమూ అవసరమే.

భద్రత విషయంలో కాగితం మీద ప్రణాళిక ఉంటే చాలదు, దానిని అభ్యాసం చేయించాలి. లేచి నిలబడిన మూడు నిమిషాలలోపు పై రక్తపోటు 20 లేదా కింది రక్తపోటు 10 పాయింట్లు పడిపోతే కళ్లు తిరిగే ప్రమాదం ఉందని విద్యార్థికి తెలియాలి. బీటా బ్లాకర్లు (గుండె వేగాన్ని తగ్గించే మందులు) వాడేవారి గుండె వేగం శ్రమకు తగినంత పెరగదు కనుక, నాడి మీద ఆధారపడకుండా, మాట్లాడగలుగుతున్నారా, ఎంత కష్టంగా అనిపిస్తోంది అని అడిగి తీవ్రతను అంచనా వేయాలి. ఎవరైనా పడిపోతే వెంటనే లేపకూడదు. ఎవరు ఫోన్ చేస్తారో, మిగిలినవారిని ఎవరు కూర్చోబెడతారో ముందే నిర్ణయించుకోవాలి.

సమ్మతి పత్రాన్ని తరగతి మధ్యలో అందరి ముందూ చేతికిస్తే, కాదనలేక సంతకం చేసేవారే ఎక్కువ. ఒక్కొక్కరితో విడిగా కూర్చుని, పరిశోధనలో చేరకపోయినా వ్యాయామానికి యథావిధిగా రావచ్చని స్పష్టంగా చెప్పాలి.

హాజరు పట్టిక చదవడం రాని విద్యార్థికి రిగ్రెషన్ (అంశాల మధ్య సంబంధాన్ని లెక్కగట్టే గణాంక పద్ధతి) నేర్పడం తొందరపాటేనని నా అభిప్రాయం. ఎవరైనా వరుసగా రెండు తరగతులకు రాకపోతే, నిష్ఠూరం ధ్వనించకుండా ఫోన్ చేసి కారణం అడిగి, వారి మాటల్లోనే రాసుకోవడం నేర్పండి. జీవిత భాగస్వామికి ఆరోగ్యం బాగాలేదని మానేయడం, మూడో వారంలో మోకాలు నొప్పి పెట్టి మానేయడం పరిశోధనకు రెండు వేర్వేరు సంగతులు. రెండోది వ్యాయామం వల్ల కలిగిన హానిగా నమోదు చేయవలసినది కావచ్చు. చివరి వరకు మిగిలేవారు సాధారణంగా మొదటి నుంచీ కాస్త దృఢంగా ఉన్నవారే కాబట్టి, వారిని మాత్రమే లెక్కించి సగటు తీస్తే కార్యక్రమం ఉన్నదానికంటే గొప్పగా కనిపిస్తుంది. ఎవరిని ఏ బృందానికి కేటాయించారో, మధ్యలో మానేసినా వారిని అదే బృందంలో ఉంచి విశ్లేషించాలనే నియమం వెనుక ఉన్న కారణం, ఫోన్లు చేసిన విద్యార్థికి వేరుగా వివరించనక్కరలేదు.

శిక్షకులు తరగతిని బట్టి వ్యాయామాలు మార్చడం సహజం. సంగీతం మారినా నష్టం లేదు. కానీ సమతౌల్య వ్యాయామంలో కుర్చీని పట్టుకునే ఆసరా క్రమంగా తగ్గకపోతే కార్యక్రమం సారమే మారిపోయినట్టు. ఏది మార్చవచ్చో, ఏది మార్చకూడదో శిక్షకులతో కలిసి ముందే రాసుకుని, జరిగిన ప్రతి మార్పునూ అదే రోజు నమోదు చేయించండి.

పరిశోధన నిధులు అయిపోయాక ఈ తరగతిని ఎవరు నడుపుతారు, కుర్చీలూ గదీ ఎవరివి, శిక్షకుల వేతనం ఎక్కడి నుంచి వస్తుంది అన్న ప్రశ్నలను విద్యార్థి మొదటి నెలలోనే అడిగి, దొరికిన జవాబులను పరిశోధన ప్రతిపాదనలో చేర్చాలి. జవాబు లేకపోతే తరగతి ఎప్పుడు ఆగిపోతుందో ఆ తేదీని సమ్మతి పత్రంలోనే రాయించండి.